ఖాళీకి కాపలా

రాష్ట్రంలో ఎవరూ ఆక్రమించని ప్రభుత్వ భూమి ఇంకా కొంత మిగిలి ఉందన్న సంగతి బయటపడగానే ప్రభుత్వం ఉలిక్కిపడింది. ఆ మిగిలిందాన్నయినా మిగుల్చుకోవాలన్న పట్టుదలతో ఖాళీ భూముల సంరక్షణ సంస్థ అని ఒకటి పెట్టారు. సంస్థకు భవనం కట్టడానికి ఒక ఖాళీ భూమి ఖర్చయింది. భవనానికి వచ్చే కార్లకు షెడ్డు వేయడానికి ఇంకొకటి పోయింది. మిగతావాటిని కాపాడ్డానికి మనుషులు కావాలి కనక ‘నేలబిడ్డ’ పథకం పుట్టింది.

పథకం వినడానికి చాలా బాగుంది. డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్న పిల్లల్ని ఇంటర్న్‌లుగా తీసుకుంటారు. ఒక్కొక్కరికీ ఒక్కో ఖాళీ భూమిని అప్పగిస్తారు. నెలనెలా స్టైపెండు ఇస్తారు. పని సంతృప్తికరంగా చేసినవాళ్లని సంస్థలోనే పర్మనెంటుగా వేసుకుంటారు. పర్మనెంటు అన్న మాట వినగానే జిల్లాలోని డిగ్రీ కాలేజీలన్నీ ఒక్కసారిగా భూమి మీద ప్రేమతో కళ్లనీళ్లు పెట్టుకున్నాయి.

అలా ఎంపికైన వాళ్లలో గేదెల హారతి ఒకతె. శ్రీకాకుళం వైపు ఒక చిన్న టౌనులో బీఎస్సీ చదువుతోంది. తల్లి కాంతమ్మ బస్టాండు పక్కన ఇడ్లీ బండి నడుపుతుంది. కూతురికి సర్కారు ఉద్యోగం వచ్చే దారి దొరికిందని తెలిసిన రోజు కాంతమ్మ, బండి దగ్గరికి వచ్చిన ప్రతివాడికీ ఒక ఇడ్లీ ఎక్కువ వేసింది. ఎందుకని అడిగిన వాళ్లకి ఇంకొకటి వేసింది.

శిక్షణ రోజున జిల్లా సంరక్షణాధికారి వేదుల సర్వోత్తమరావు గారు పిల్లలకు ఉపదేశం చేశారు. ఆయన మాట్లాడితే ఫైలు మాట్లాడినట్టుండేది.

“భూమి అనగా నేల. ఖాళీ భూమి అనగా సదరు నేల మీద ఏమియు లేకపోవుట. ఉన్నదాన్ని ఎవడైనా కాపాడగలడు. లేకపోవడాన్ని కాపాడుట సామాన్య విషయం కాదు. మీరు కాపాడవలసినది భూమిని కాదు, ఖాళీని. ఇది హృదయంలో నమోదు చేసుకొనవలెను.”

పిల్లలు నోటు పుస్తకాల్లో నమోదు చేసుకున్నారు.

హారతికి పెదగెడ్డవలస అనే ఊరి చివర భూమి దక్కింది. పొద్దున్నే బస్సెక్కి వెళ్లి చూసింది. భూమిలో ఒక సగంలో కాలనీ ఆడవాళ్లు జీడిపిక్కలు ఎండబోసుకుంటున్నారు. వాళ్ల అమ్మమ్మల కాలం నుంచీ అదే కళ్లం. పిక్కలు ఎండితేనే వాళ్ల ఇళ్లల్లో పొయ్యి మండేది. రెండో సగం చుట్టూ ముళ్లతీగ కంచె, కంచెలో విరగకాసిన బొప్పాయి తోట, తోటలో ఇటుకలతో కట్టిన మోటారు షెడ్డు ఉన్నాయి. అవి పక్క పొలం ఆసామి కిల్లి తవిటినాయుడివి. తవిటినాయుడు చాలా మర్యాదస్తుడు. హారతి కంచె దగ్గర నిలబడగానే పండిన బొప్పాయి ఒకటి కోసి చేతిలో పెట్టాడు.

“తినమ్మా. గవర్నమెంటు బూమిలో కాసింది, గవర్నమెంటు పిల్లవి నువ్వు తినకపోతే ఇంకెవులు తింతారు?”

హారతి బొప్పాయి తిని, ఉన్నదున్నట్టు రిపోర్టు రాసి పంపింది. మరుసటి వారం సర్వోత్తమరావు గారు జీపులో తనిఖీకి వచ్చారు. బొప్పాయి తోటను చూసి, “పచ్చదనం. అభినందనీయం” అన్నారు. కంచెను చూసి, “భూమికి రక్షణ” అన్నారు. షెడ్డు తలుపు స్వయంగా తట్టి, లోపలినుంచి ఎవరూ పలకకపోవడంతో, “ఖాళీ” అని రాసుకున్నారు. తర్వాత చుట్టూ కలయజూసి, హారతి దగ్గర చూపు ఆపారు.

“ఈ భూమి మీద మనుషులెవరైనా ఉన్నారా?”

“లేరండి. పిక్కలు ఎండేసి ఆడవాళ్లు ఇళ్లకెళ్లారు.”

“మరి మీరు?”

హారతి వెనక్కి తిరిగి చూసింది. వెనక ఎవరూ లేరు.

“నేను ఇంటర్న్‌నండి. కాపలాకొచ్చాను.”

“వచ్చిన కారణం అప్రస్తుతం. ఉన్నారా, లేదా? ఉన్నారు. మనిషి ఉన్న భూమి ఖాళీ ఎట్లవుతుంది?” అని ఆయన ఎంతో విచారంగా కలం తీసి, ఆ భూమి ఖాళీగా లేదని నమోదు చేశారు. ఆ జిల్లాలో ఆయన కనిపెట్టిన మొదటి ఆక్రమణ అదే.

హెడ్డాఫీసుకు వెళ్లిన నివేదికలో, ‘సదరు భూమిలో గేదెల హారతి కనిపించినది’ అని రాశారు. వారం తిరక్కుండా అక్కణ్నుంచి ఘాటుగా జవాబొచ్చింది. ‘ప్రభుత్వ భూమిలో గేదెలకు హారతి ఇచ్చు కార్యక్రమమునకు ఎవరు అనుమతించిరి? ప్రసాదం పంచబడినదా?’ గేదెల అన్నది ఇంటిపేరని నచ్చజెప్పడానికి హారతి ఆధార్ కార్డు పట్టుకుని రాజధాని దాకా వెళ్లి రావలసి వచ్చింది.

ఇంటిపేరు గొడవ తీరింది కానీ అసలు గొడవ తీరలేదు. భూమి లోపల నిలబడి ఫోన్లో హాజరు వేయకపోతే గైర్‌హాజరు కింద లెక్క. నిలబడితే ఆక్రమణ. రెంటిలో ఏది జరిగినా ఉద్యోగం రాదు.

“మరి నన్నెక్కడ నిలబడమంటారండీ?” అని అడిగింది హారతి.

సర్వోత్తమరావు గారు కోప్పడలేదు. మంచి ప్రశ్న అని మెచ్చుకుని, స్పష్టత కోసం పైవారికి రాశారు. పైవారు సమావేశమై, టీ తాగి, స్పష్టత ఇచ్చారు: ‘నేలబిడ్డ భూమిలో ఉండవలెను. భూమిపై ఉండరాదు.’

ఈ ఉత్తర్వు వచ్చాక రాష్ట్రంలోని ఇంటర్న్‌లందరూ గాల్లోకి చూడటం మొదలుపెట్టారు. హారతి ముందు వెదురుకర్రలతో మంచె కట్టించింది. సర్వోత్తమరావు గారు వచ్చి, మంచెకున్న నాలుగు కాళ్లూ నేలలో దిగి ఉన్నాయి కనక నాలుగు వేర్వేరు ఆక్రమణలుగా రాసి, పీకించేశారు. పక్క మండలంలో ఒక పిల్లవాడు కొబ్బరిచెట్టెక్కి కూర్చుంటే, చెట్టు ఉద్యానశాఖది కనక ఆ శాఖవాళ్లు వాణ్ని కాయగా పరిగణించి దింపారు.

చివరికి తవిటినాయుడే దారి చూపించాడు. అతని సొంత పొలం గట్టు మీద పెద్ద నేరేడుచెట్టుంది. దాని కొమ్మ ఒకటి బారుగా సాగి ప్రభుత్వ భూమి మీదకి వంగింది.

“సెట్టు నా పొలంలో ఉంది. తాడు నేనిత్తాను. కొమ్మకి ఉయ్యాలేసుకుని కూకో. కాళ్లు కింద తగలకుండా సూసుకో. బూమిలో ఉంటావు, బూమ్మీద ఉండవు.”

హారతికి ఆ మాట ఎంత వెర్రిగా అనిపించిందో, ఉత్తర్వుకి అంత సరిగ్గానూ అనిపించింది. ఉయ్యాల వేసుకుని కూర్చుంది. ఈసారి తనిఖీలో సర్వోత్తమరావు గారు బోర్లా పడుకుని, ఆమె పాదాలకీ నేలకీ మధ్య జానపెట్టి కొలిచి, లేచి, చొక్కాకంటిన మట్టి దులుపుకున్నారు. ఆయన ముఖం వెలిగిపోతోంది.

“జానెడు ఖాళీ ఉన్నది! ఖాళీ చిన్నదా పెద్దదా అన్నది ప్రశ్న కాదు. ఉన్నదా లేదా అన్నదే ప్రశ్న. హాజరు కూడా పూర్తి. శభాష్!”

పెదగెడ్డవలస ఉయ్యాల జిల్లాకు నమూనా అయింది. తర్వాత రాష్ట్రానికి అయింది. ప్రతి ఖాళీ భూమిలోనూ ఇంటర్న్‌లు ఊగాలని సర్క్యులర్ వచ్చింది. చెట్లు లేనిచోట క్రేన్లు అద్దెకు తెచ్చి వేలాడదీశారు. ఉయ్యాల ఎక్కే విధానం, దిగే విధానం, గాలివాన వచ్చినప్పుడు పాటించవలసిన మర్యాదల మీద ఒక పెద్ద హోటల్లో వర్క్‌షాపు జరిగింది. ఊగడంలో ప్రావీణ్యానికి గ్రేడులు కూడా పెట్టారు. మన్యం వైపు ఒకమ్మాయికి ఎక్కువ ఊగినందుకు ఎ-ప్లస్ వచ్చింది, కళ్లు తిరిగి ఆస్పత్రిలో చేరింది.

ఒక మధ్యాహ్నం కాంతమ్మ బండి కట్టేసి, కూతురికి క్యారేజీ తెచ్చింది. గట్టు మీద నిలబడి చాలాసేపు చూసింది.

“ఏటే ఇది? బీయెస్సీ సదివించింది ఊగడానికేటి?”

“ఇలా ఊగితేనే పర్మనెంటవుతాదంటమ్మా.”

“ఊగితే ఉజ్జోగమని ఎరిగుంటే నిన్ను బడికే పంపకపోదును కదే. ఉయ్యాల్లోనే వొగ్గేసేదాన్ని.”

కాంతమ్మ నవ్వలేదు. క్యారేజీ అందిద్దామంటే భూమిలో అడుగు పెట్టకూడదు. గట్టు మీంచే చెయ్యి చాచింది. ఉయ్యాల ముందుకొచ్చినప్పుడల్లా హారతి ఒక ముద్ద అందుకుని, వెనక్కి వెళ్తూ నమిలి మింగింది.

ఇదంతా బాగానే గడిచిపోయేది. కానీ కంచె నడవడం మొదలుపెట్టింది. హారతి పొద్దున్న వచ్చేసరికి కంచె కళ్లం వైపు ఒక అడుగు జరిగి ఉండేది. ఆ అడుగులో కొత్త బొప్పాయి మొక్కలు ఉండేవి. వాటికి నీళ్లు కూడా పెట్టి ఉండేవి. రిపోర్టు రాస్తే, ‘పచ్చదనం వృద్ధి చెందుచున్నది, సంతోషం’ అని జవాబొచ్చేది.

జీడిపిక్కలు ఎండబోసుకునే ఆడవాళ్లలో పెద్దది అసిరమ్మ. ఎండబోసే చోటు చాపంత అయిపోయేసరికి ఆవిడ వచ్చి ఉయ్యాల ముందు నిలబడి నడుం మీద చేతులేసుకుంది.

“ఒలే పాపా! గవర్నమెంటు జీతమిచ్చి నిన్నిక్కడ కూకోబెట్టింది ఊగనానికా, బూమి కాయనానికా? కళ్లమంతా ఆడు మింగేత్తంటే నీకగుపడనేదేటి?”

“అవుపడతంది పెద్దమ్మా.”

“అవుపడితే మరి దిగవేటి?”

హారతి తాడు గట్టిగా పట్టుకుంది. ఆమెకి సిగ్గేసింది. దిగితే ఉద్యోగం పోతుంది. దిగకపోతే భూమి పోతుంది. తవిటినాయుణ్ని పిలిచి గట్టిగా అడిగింది. అతను ఏమాత్రం దాచుకోలేదు.

“నన్నాపాలంటే నువ్వు నేల మీద కాలెట్టాల. కాలెట్టేవంటే నీ ఉజ్జోగం పోద్ది. అందుకే గదమ్మా ఉయ్యాలకి తాడిచ్చాను! మంచి నూలుతాడు. తెగదు.”

చివరికి ఒకరోజు తవిటినాయుడు కూలీల్ని వెంటబెట్టుకుని, రాతిస్తంభాలు దింపించాడు. మిగిలిన కాస్త కళ్లం మీద కూడా కంచె వెయ్యడానికి. పిక్కలు ఎండుతూనే ఉన్నాయి. కూలీలు వాటి మీంచే స్తంభాలు ఈడ్చారు. అసిరమ్మ అడ్డం వెళ్లింది. ఎవడో తోశాడు. ఆవిడ పిక్కల మీద జారి కూలబడింది.

ఉయ్యాల ముందుకొస్తోంది. హారతి దూకేసింది.

దూకిన తర్వాత ఏమాలోచించాలో ఆమెకి తెలియలేదు కనక, నేరుగా వెళ్లి స్తంభం పట్టుకున్నవాడి చేతిలోంచి దాన్ని లాగి కింద పడేసింది. కాలనీ ఆడవాళ్లు చేటలు పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. కూలీలు ఆడవాళ్లకి భయపడలేదు కానీ చేటలకి భయపడ్డారు. తవిటినాయుడు గట్టెక్కాడు. హారతి అసిరమ్మని లేపి, మోచేతికి తగిలిన దెబ్బ కొంగుతో తుడుస్తుండగా జీపు ఆగిన చప్పుడైంది. జీపు వెనక ఇంకొన్ని జీపులు ఆగాయి. నమూనా ఉయ్యాలని చూపించడానికి సర్వోత్తమరావు గారు పై అధికారులందర్నీ ఆరోజే తీసుకొచ్చారు.

ఉయ్యాల ఒంటరిగా ఊగుతోంది.

ఆయన స్తంభాల్ని చూడలేదు. పడి ఉన్న పిక్కల్ని చూడలేదు. దెబ్బ తగిలిన అసిరమ్మని కూడా చూడలేదు. హారతి పాదాల్ని చూశారు. రెండూ నేల మీద ఉన్నాయి.

“ఎంత పని చేశావమ్మా!” అన్నారు ఏడుపు గొంతుతో.

వారం లోపల ఖాళీ చేయింపు ఉత్తర్వు వచ్చింది. పెదగెడ్డవలస భూమిలో ఏకైక ఆక్రమణదారు గేదెల హారతి. ఆమెని, ఆమె ఆక్రమణల్ని తక్షణం తొలగించాలి. ఆ భూమిలో జరిగే ఏ చర్యనైనా ఆ భూమి ఇంటర్నే జరిపించాలన్నది పథకం నిబంధన. సర్వోత్తమరావు గారు హారతిని ఆఫీసుకి పిలిపించి విషయం చెప్పారు.

“ఆక్రమణదారువి నువ్వే. నేలబిడ్డవి నువ్వే. కనుక నోటీసు నువ్వే తయారుచేసి, నువ్వే ఇచ్చి, నువ్వే అందుకుని, అందినట్లు నువ్వే సంతకం చేయవలెను. తీసుకోవడానికి నిరాకరించినచో నీ తలుపుకి నువ్వే అంటించవలెను.”

హారతికి మొదట ఏడుపొచ్చింది. నోటీసు కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాక నెమ్మదిగా నవ్వొచ్చింది. కాగితంలో ‘ఆక్రమణదారు నిర్మించిన కట్టడములు, వేసిన తోటలు వగైరా’ అని ఒక ఖాళీ ఉంది. ఆమె కుదురుగా రాసింది: ముళ్లతీగ కంచె, రాతిస్తంభాలు, బొప్పాయి తోట, మోటారు షెడ్డు, ఉయ్యాల. నోటీసు ఇస్తున్న అధికారిగా ఒక సంతకం, అందుకున్న ఆక్రమణదారుగా ఒక సంతకం పెట్టింది. కింద, ‘నేరం ఒప్పుకుంటున్నాను. దయచేసి వీలైనంత త్వరగా కూలగొట్టండి’ అని చేర్చింది.

సర్వోత్తమరావు గారు చదివి కళ్లజోడు పైకెత్తారు.

“ఇవన్నీ నీవేనా?”

“ఆ భూమిలో ఆక్రమణదారుని నేనొక్కదాన్నేనని మీ రికార్డులోనే ఉంది కదండీ. మరింకెవరివవుతాయి?”

ఆయన రికార్డు తెప్పించి చూశారు. రికార్డు ఆమె చెప్పినట్టే ఉంది. రికార్డుతో వాదించే అలవాటు ఆయనకి లేదు.

జేసీబీ వచ్చిన రోజున కాలనీ అంతా గట్టు మీదే ఉంది. బండి ఆరోజుకి మూసేసి కాంతమ్మ కూడా వచ్చింది. జేసీబీ కంచె మీదికి తిరగ్గానే తవిటినాయుడు పంచె ఎగ్గట్టి పరుగెత్తుకొచ్చాడు.

“ఓలమ్మో! అది నా తోటండీ! నా సెడ్డండీ!”

సర్వోత్తమరావు గారు చెయ్యెత్తి జేసీబీని ఆపారు.

“తమదా? అంటే తాము ఆక్రమణదారులా?”

“ఆక్రమణేటండీ, నాను... నాదంటే... సూసుకుంతన్నానంతే...”

“రికార్డు ప్రకారం ఇక్కడ ఆక్రమణదారు ఒక్కరే. రెండో ఆక్రమణదారు ఉన్నాడని నిరూపించాలంటే తాము నేరం ఒప్పుకుంటూ దరఖాస్తు చేసుకోవలెను. కేసు నమోదవుతుంది. కేసు గెలిస్తే శిక్ష పడుతుంది. ఆ తర్వాత తోట తమరిదే అని ధ్రువీకరించి, అప్పుడు కూలగొడతాం.”

తవిటినాయుడు హారతి వైపు తిరిగాడు.

“పాపా, ఉయ్యాలకి తాడిచ్చినోణ్ని. నాకా ఇది?”

హారతికి జాలేసింది. అతను పెట్టిన బొప్పాయి నిజంగానే తియ్యగా ఉంది.

“పళ్లు కోసుకోండి బాబాయ్. అంతసేపూ ఆపుతాను.”

తవిటినాయుడు గంపలు తెచ్చుకున్నాడు. ఒక్కడివల్లా కాకపోతే, ఇంతకాలం అతన్ని తిట్టిపోసిన ఆడవాళ్లే కాసేపు నిలబడి చూసి, తిట్టుకుంటూనే వెళ్లి కోసిపెట్టారు. మోసినందుకు తలా రెండు పళ్లు తీసుకున్నారు. అసిరమ్మ నాలుగు తీసుకుంది, మోచేతి దెబ్బకి రెండు కలుపుకుని. ఆ తర్వాత జేసీబీ కదిలింది. సాయంత్రానికి కంచె లేదు, షెడ్డు లేదు. భూమి మొత్తం ఒక్కటే కళ్లంగా కనబడింది. మర్నాడు పొద్దున్నకల్లా ఈ చివర్నించి ఆ చివరిదాకా జీడిపిక్కలు ఎండుతున్నాయి.

ఆ సంవత్సరం రాష్ట్రం మొత్తం మీద విజయవంతంగా తొలగించిన ఆక్రమణ అదొక్కటే. సంస్థ పెద్ద సభ చేసి హారతికి రెండు ప్రశంసాపత్రాలు ఇచ్చింది. ఆక్రమణను తొలగించిన ఉత్తమ నేలబిడ్డగా ఒకటి. అధికారులకు పూర్తిగా సహకరించిన ఉత్తమ ఆక్రమణదారుగా ఇంకొకటి. రెండుసార్లూ వేదిక ఎక్కి దండ వేయించుకోవలసి వచ్చింది. సర్వోత్తమరావు గారికి ప్రమోషన్ వచ్చి హెడ్డాఫీసుకి వెళ్లారు. ఇంటర్న్‌షిప్ సంతృప్తికరంగా ముగిసినట్టు హారతికి కాగితం కూడా ఇచ్చారు.

ఆ కాగితం పట్టుకుని, తల్లిని వెంటబెట్టుకుని ఆమె హెడ్డాఫీసుకి వెళ్లింది. కాంతమ్మ వరండాలో బెంచీ మీద కూర్చుంది. హారతి లోపలికెళ్లింది. పెద్ద హాలు. వరసగా బల్లలు, బల్లల వెనక కుర్చీలు. కుర్చీల్లో ఎవరూ లేరు. వాటి మీద దుమ్ము కూడా లేదు, ఎవరో రోజూ తుడుస్తున్నారు. హాలు చివర ఒక్క బల్ల దగ్గర మాత్రం సర్వోత్తమరావు గారున్నారు.

“రామ్మా, రా!” అన్నారు ఆప్యాయంగా. “నీ ఫైలు నేనే చూశాను. అన్ని అర్హతలూ ఉన్నాయి. అదిగో, ఆ కుర్చీ నీదే. కానీ ఒక చిన్న చిక్కు. ఈ సంస్థ ధ్యేయమేమిటి?”

“ఖాళీలని కాపాడ్డమండి.”

“ఆ పోస్టు ఇప్పుడు ఖాళీగా ఉంది. నువ్వు చేరితే?”

హారతి ఆయన ముఖంలోకి చూసింది. ఆయన ఎగతాళి చేయడం లేదు. నిజంగానే బాధపడుతున్నారు. సంస్థ పుట్టినప్పటినుంచీ ఈ హాల్లో ఒక్క ఖాళీని కూడా పోగొట్టుకోలేదని, ఆ రికార్డు ఆమె చేతులమీదుగా చెడటం తాను చూడలేనని చెప్పారు. కావాలంటే ఇంకో ఇంటర్న్‌షిప్ ఇప్పిస్తానన్నారు.

కిటికీలోంచి వరండా కనబడుతోంది. కాంతమ్మ ఒళ్లో స్వీటు డబ్బా పెట్టుకుని, వచ్చేపోయేవాళ్లందర్నీ చూసి నవ్వుతోంది. హారతికి కోపం రాలేదు. కోపం వచ్చే వయసు పెదగెడ్డవలసలోనే దాటిపోయిందనిపించింది. నడిచి వెళ్లి, ఆయన చూపించిన కుర్చీ వెనక్కి లాగి, కూర్చుంది. రెండు పాదాలూ నేల మీద పెట్టింది.

“అమ్మా! లేవాలి!”

“లేవనండి. ఆక్రమించాను. నోటీసివ్వండి.”

సర్వోత్తమరావు గారు నోటీసు రాయడానికి కలం తీసి, ఆగిపోయారు. కుర్చీ ఖాళీ చేయమని సంస్థ తన ఉద్యోగులకు మాత్రమే నోటీసు ఇవ్వగలదు. బయటివాళ్లకి ఇవ్వాలంటే పోలీసులకి రాయాలి. రాస్తే ఇన్ని కుర్చీలెందుకు ఖాళీగా ఉన్నాయని పోలీసులు అడుగుతారు. ఆయన రూల్సు పుస్తకం తెప్పించారు. అటు తిప్పారు, ఇటు తిప్పారు. సాయంత్రం దాకా తిప్పారు. హారతి కదల్లేదు. చివరికి వేరే దారి లేక, నోటీసు ఇవ్వడానికి వీలుగా ఆమెని పర్మనెంటు ఉద్యోగిగా నియమిస్తూ ఉత్తర్వు జారీ చేశారు.

మరుసటి రోజున నోటీసు ఇచ్చారు. హారతి అందుకుని, సంతకం పెట్టి, నేను లేవను అని జవాబు రాసింది. విచారణ జరిగేదాకా ఆమెని కదల్చడానికి లేదు. అప్పట్నుంచీ ఆ హాల్లో ఆమె ఒక్కతే పనిచేస్తోంది. ఆమె పంపిన ఉత్తర్వుతో ఉయ్యాలలన్నీ విప్పించేశారు. ఇంటర్న్‌లు ఇప్పుడు నేల మీద తిరుగుతున్నారు, కంచెలు కనబడితే రాస్తున్నారు, రాసినవి ఆమె చదువుతోంది. కాంతమ్మ జీతం రోజున మాత్రం బండి దగ్గర అందరికీ ఒక ఇడ్లీ ఎక్కువ వేస్తోంది.

విచారణ మాత్రం ఇంకా మొదలు కాలేదు. విచారణాధికారి పోస్టు ఖాళీగా ఉంది. దాన్ని సంస్థ కంటికి రెప్పలా కాపాడుకుంటోంది.